కప్పల బాకీ

విద్యార్థి సంఘం వాళ్లు ఈసారి సావనీర్‌లో పూర్వ విద్యార్థుల చేత కూడా రాయించాలనుకున్నారట. ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చారు. "సార్, మీ కాలేజీ రోజుల గురించి రాయండి. హాస్టలు, మెస్సు, ఎలక్షన్లు, ఏదైనా సరే" అన్నారు. "కప్పల గురించి రాస్తాను" అన్నాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ అమ్మాయి మర్యాద తెలిసినది. "తప్పకుండా రాయండి సార్, సైన్సు వ్యాసాలు కూడా రెండు మూడు కావాలి మాకు" అంది.

ఇది సైన్సు వ్యాసం కాదమ్మా అని అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. 1977లో నేను ఈ కాలేజీ గేటు లోపలికి అడుగు పెట్టింది కప్పల డబ్బుతో. హాస్టల్లో నన్ను అందరూ "మండూకం" అని పిలిచేవాళ్లు. తొలకరి వాన పడ్డ రాత్రి చదువు వదిలేసి వరండాలో నిలబడి చెవులు రిక్కించి వినేవాణ్ణని ఆ పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్లకు కూడా అసలు సంగతి తెలియదు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పుకోలేదు. సావనీర్ అంటేనే జ్ఞాపకం గదా, అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మాది హుజూర్‌నగర్. అప్పుడు నల్లగొండ జిల్లా. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు సూర్యాపేట జిల్లాలోకి పోయింది. ఇవాళ అక్కడి వరిచేలనూ, రైస్ మిల్లులనూ, సిమెంటు ఫ్యాక్టరీలనూ చూసినవాళ్లు నమ్మరు గానీ, నా చిన్నతనంలో చెరువుల కింద కాస్త వరి, తక్కినదంతా జొన్న, కంది, ఆముదం పండే మెట్టనేల. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలారు. మా వైపు వచ్చే ఎడమ కాలువకు లాల్ బహదూర్ కాలువ అని పేరు. ఆ నీళ్లు మా పక్క చేలకు వచ్చిన తర్వాత ఊరు మారిపోయింది. భూముల ధరలు పెరిగాయి, కాలువ సేద్యం తెలిసిన వాళ్లు కృష్ణ అవతలి నుంచి వచ్చి పొలాలు కొన్నారు, జొన్న రొట్టె తినే ఇళ్లలో వరి అన్నం మామూలైంది. ఇదంతా అందరూ చెప్పేదే. కాలువ వచ్చాక రాత్రిళ్లు కూడా మారిపోయాయన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

కాలువకు ముందు మా ఊళ్లో ఏడాదిలో ముప్పాతిక భాగం రాత్రిళ్లు నిశ్శబ్దమే. కీచురాళ్లు, దూరాన కుక్కలు, అంతే. మిరుగు దాటి మొదటి పెద్ద వాన పడ్డ రాత్రి మాత్రం ఊరి చుట్టూ కుంటల్లో, గుంతల్లో ఒక్కసారిగా గోల లేచేది. పక్కవాడు మాట్లాడితే వినపడేది కాదు. నాలుగైదు రోజులు అట్లా మోగి మళ్లీ సద్దుమణిగేది. కాలువ వచ్చాక రెండు కార్లూ మళ్లలో నీళ్లే. చిన్న కప్పలు ఆ నీళ్లను చూసి వానాకాలమనీ యాసంగి అనీ లేకుండా కూయడం మొదలుపెట్టాయి. ఒక్క బోదురుకప్ప మాత్రం కాలువను లెక్కచెయ్యలేదు. మడి నిండా నీళ్లున్నా సరే, ఆకాశం నుంచి వాన పడితేనే అది గొంతు విప్పేది. మా నాయినమ్మ అనేది, "గది సర్కారు నీళ్లకు ఒర్రదురా, దేవుని నీళ్లకే ఒర్రుతది" అని.

మా నాయినమ్మకు చదువు రాదు. కానీ ఏ కప్ప ఏదో కూతను బట్టి చెప్పేది. దువ్వెన పళ్ల మీద గోరుతో గీసినట్టు కరకరలాడేది దువ్వెన కప్ప. అది బొటనవేలి గోరంత ఉంటుంది, కూత మాత్రం కుంట అంతా తనదే అన్నట్టు. చెక్క మీద తట్టినట్టు టకటకమనేది గోడల మీదికి, స్నానాల గదుల్లోకి ఎక్కే చెట్టుకప్ప. రబ్బరు బుడగలా ఒళ్లంతా ఉబ్బించుకుని నీళ్ల మీద తేలుతూ అరిచేది ఇంకొకటి, దాన్ని బుర్రకప్ప అనేది. ఈ పేర్లలో ఎన్ని లోకం పేర్లో, ఎన్ని మా నాయినమ్మ పెట్టుకున్నవో నేను జువాలజీ ఎమ్మెస్సీ చేసిన తర్వాత కూడా తేల్చుకోలేదు. మైక్రోహైలా ఆర్నేటా అనే మాటకంటే దువ్వెన కప్ప అనే మాటే ఆ కూతను ఎక్కువ చెబుతుందని ఇప్పటికీ నా అభిప్రాయం.

1972లో కరువు వచ్చింది. కాలువ నీళ్లు అందని మెట్టచేలు మాడిపోయాయి. అప్పుడు మా వాడ ఆడవాళ్లు కప్పతల్లి ఆట ఆడారు. ఒక కప్పను పట్టి రోకలికి గుడ్డతో కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు రోకలిని భుజాల మీద పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే, ఇంటివాళ్లు బిందెతో నీళ్లు తెచ్చి కప్ప మీద పోస్తారు. ఆ కప్పను పట్టుకొచ్చింది నేనే. పదమూడేళ్లవాణ్ణి, పెద్ద గౌరవంగా అనిపించింది. అన్ని బిందెల నీళ్లు పోసినా అది ఒక్కసారి కూడా బెకమనలేదు. ఎందుకని అడిగితే, "రోకలికి కట్టేస్తే నువ్వు పాడుతవారా?" అంది మా నాయినమ్మ.

ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం పరీక్షలు రాశాక ఇంట్లో పేచీ మొదలైంది. హైదరాబాదు వెళ్లి బీయెస్సీ చదవాలని నాకు కోరిక. మా నాయినకు రెండెకరాల మెట్ట, దాని మీద దానికి మించిన అప్పు. "రైస్ మిల్లుల గుమాస్తా పని ఉన్నది, మాట్లాడిన. సదివింది సాలు" అన్నాడు. సీటు వచ్చినా చేతిలో ఎనభై రూపాయలన్నా లేకపోతే ప్రయాణమే లేదు. ఫీజు మొదటి వాయిదా, బస్సు ఛార్జీ, హాస్టల్లో కట్టవలసింది కొంత. ఇప్పటి పిల్లలకు ఎనభై రూపాయలంటే నవ్వొస్తుంది. మా ఇంట్లో ఆ ఏడు ఎనభై రూపాయలు ఒక్కచోట ఎవరూ చూడలేదు.

ఆ సమయంలో మా దగ్గరలోని ఒక కాలేజీ ల్యాబ్ అటెండరు దారి చూపించాడు. ఆ రోజుల్లో ఇంటర్‌లోనూ డిగ్రీలోనూ కప్పను కోయనిదే జువాలజీ ప్రాక్టికల్ లేదు. పుస్తకాల్లో దాని పేరు రానా టైగ్రినా, ఇప్పుడు హోప్లోబాట్రాకస్ టైగెరినస్ అంటున్నారు. రెండూ మన బోదురుకప్పే. అటెండరు తన కాలేజీకే కాక చుట్టుపక్కల కాలేజీలకు కూడా సరఫరా చేసేవాడు. "పెద్దయి పట్టుకరా పోరడా, ఒక్కటికి అర్ధరూపాయి. అరచేతిల సగం ఉన్నయి మాకొద్దు" అన్నాడు.

కప్పను పట్టడానికి తెలివితేటలు అక్కర్లేదు. అదే పిలుస్తుంది. తొలి వాన రాత్రి గోనెసంచి, మూడు సెల్లుల టార్చి తీసుకుని బయలుదేరాను. "పురుగు బూసి ఉంటది బిడ్డా" అని అమ్మ గుమ్మం దాకా వచ్చింది. చెరువు కట్ట కింది గుంతల్లో ఆ రాత్రి చూసిన దృశ్యం మామూలు రోజుల్లో కప్పను చూసినవాళ్లు ఊహించలేరు. మిగతా ఏడాదంతా బురద రంగులో ఉండే కప్ప వాన పడగానే నిమ్మపండులా పచ్చబడుతుంది. గొంతుకు రెండు పక్కలా రెండు నీలి బుడగలు, మా ఇంట్లో బట్టలకు పెట్టే నీలిమందు రంగువి, ఉబ్బుతూ తగ్గుతూ ఉంటాయి. ఆ పసుపు, ఆ నీలం మీద టార్చి పడితే కప్ప గుడ్లప్పగించి కూర్చుంటుంది. చెయ్యి చాచి తీసుకోవడమే. రెండు గంటల్లో ఇరవై నాలుగు పట్టాను. పన్నెండు రూపాయలు! రైస్ మిల్లులో ఎన్ని రోజులు కూర్చుంటే వస్తాయో లెక్కలు వేసుకుంటూ ఇంటికొచ్చాను.

మర్నాడు ల్యాబులో డిమాన్‌స్ట్రేటరు గారు సంచి విప్పి ఒక్కొక్కదాన్నీ తిరగేసి చూసి, "ఏమయ్యా, అన్నీ మగవే తెచ్చావే! రేపు పిల్లలకు ఆడకప్ప జననేంద్రియ వ్యవస్థ చెప్పాలి. ఒక్కటంటే ఒక్క ఆడది లేదు" అన్నారు. గొంతు కింద సంచుల గుర్తులు, ముందుకాలి మొదటి వేలి మీద ఉబ్బెత్తు మెత్త చూపించి మగవాటిని ఎట్లా గుర్తుపట్టాలో చెప్పారు. నేను నమ్మలేదు. ఇరవై నాలుగూ మగవే ఎట్లా అవుతాయి? ఆయన నవ్వి, "నువ్వు ఎట్లా పట్టావు? కూత విని వెళ్లి పట్టావు. కూసేది మగదేనయ్యా. ఆడది కూయదు, వింటుంది" అన్నారు.

పుట్టినప్పటి నుంచి కప్పల మధ్య పెరిగినవాణ్ణి. ఆ గోలంతా మగవాటిదేననీ, ఆ చీకట్లో అంత మందీ వింటూ తిరుగుతున్నారనీ నాకు ఆ రోజు దాకా తెలియదు. మా నాయినమ్మకు కూడా తెలియదేమో.

"ఆడవాటికి ఎంతిస్తరు సార్?" అని అడిగాను. అటెండరు రెండు రూపాయలన్నాడు.

తర్వాతి వాన కోసం తొమ్మిది రోజులు చూశాను. ఈసారి టార్చికి నాయిన ఎర్ర తువ్వాలు రెండు మడతలు చుట్టాను, వెలుతురు మసకగా పడేట్టు. ఒక గుంత ఒడ్డున గొంతుక్కూర్చుని కదలకుండా ఉన్నాను. నేను వచ్చిన అలికిడికి ఆగిపోయిన కూతలు కొంచెంసేపటికి మళ్లీ మొదలయ్యాయి. ముందు ఒకటి, దానికి జవాబుగా ఇంకొకటి, తర్వాత అన్నీ. నా ముందు మూడు మగవి ఉన్నాయి. దగ్గరి రెండింటి గొంతు కొంచెం పలచన. మూడోది అవతలి ఒడ్డున తుంగ మొదట్లో, బరువైన గొంతు, పెద్ద డప్పు తడిసినప్పుడు మోగినట్టు.

ఎంతసేపటికో నా ఎడమవైపు గడ్డిలోంచి ఒక కప్ప నీళ్ల అంచుకు వచ్చింది. బురద రంగు, వెడల్పాటి నడుము, పొట్ట రెండు పక్కలకూ ఒరిగి ఉంది. అది తొందరపడలేదు. రెండు గెంతులు వేసి ఆగేది. అట్లాగే చాలాసేపు కూర్చునేది. దగ్గర్లో ఉన్న రెండు కప్పలూ గొంతు చించుకుంటున్నా వాటి వైపు తిరగలేదు. వాటిని దాటుకుని నీళ్లలోకి దిగి అవతలి ఒడ్డుకు, ఆ బరువు గొంతు వైపు పోసాగింది. నేను కూడా మోకాళ్ల మీద గుంత చుట్టూ పాకాను. దాని దారిలో, ఆ పెద్ద మగదానికి పక్కనే, ఇంకో మగకప్ప నోరు మూసుకుని నక్కి ఉంది. ఇదెందుకు కూయడం లేదు, జబ్బేమో అనుకున్నాను. అది ఉన్నట్టుండి ఆడదాని మీదికి దూకింది. ఆడది విదిలించుకుని ముందుకు వెళ్లింది. పెద్దదానికి జానెడు దూరంలో ఆగింది.

అప్పుడు పట్టుకున్నాను.

ఆ పెద్ద మగది కూత ఆపింది. ఒక్క నిమిషం. మళ్లీ మొదలుపెట్టింది. పిలిచింది వచ్చిందనీ, ఇప్పుడు నా సంచిలో ఉందనీ దానికి తెలియదు. దాన్ని నేను పట్టుకోలేదు. అర్ధరూపాయి పోతే పోయింది, అది కూస్తూ ఉంటే ఇంకొకటి వస్తుంది గదా అని తుంగ పక్కనే కూర్చున్నాను. వచ్చింది. ఆ తర్వాత మరొకటి. తెల్లవారే వేళకు ఆ గుంతా పక్క గుంతా కలిపి పదమూడు. ఇంకో వానకు తొమ్మిది. ఆడవాటికి నలభై నాలుగు రూపాయలు, మగవాటికి అన్నీ కలిపి ముప్పై ఎనిమిది, మొత్తం ఎనభై రెండు. నాయిన చేతిలో పెడితే లెక్కపెట్టి, తిరిగి నా చేతికే ఇచ్చి, "పోతే పో" అన్నాడు. అది దీవెనే, మా నాయిన భాష అంతే.

ఇంత పెద్ద కాలేజీ, ఇన్ని మెట్లు, ఇంత లైబ్రరీ. మొదటి ఏడు బెదురుతోనే గడిచింది. రెండో ఏడు కప్ప ప్రాక్టికల్ వచ్చింది. నా ట్రేలో ఆడది పడింది. పొట్ట తెరవగానే లోపల ఇంకేమీ కనబడలేదు. ఒకటే గుడ్లు, ఆవగింజల్లాంటి నల్ల గుడ్లు, కత్తెర పెట్టిన చోటల్లా పొంగి బయటికి వస్తున్నాయి. ఒక్కో ఆడకప్పలో వేలకొద్దీ ఉంటాయవి. పక్క బల్ల మీద ఉన్న స్నేహితుడు "నీది భలే దొరికింది రా, డయాగ్రం బాగా వస్తది" అన్నాడు. నిజంగానే బాగా వచ్చింది. మార్కులు కూడా బాగా వచ్చాయి.

ఆ తర్వాతే నాకు లైబ్రరీ పిచ్చి పట్టింది. పాఠ్యపుస్తకంలో కప్ప గుండె, కప్ప మెదడు, కప్ప తొడ కండరం అన్నీ ఉన్నాయి. కూత గురించి రెండు వాక్యాలు. వెతుక్కోవలసింది పత్రికల్లో.

కప్ప కూసే పద్ధతే చిత్రం. మనం మాట్లాడితే గాలి బయటికి పోతుంది. కప్ప నోరూ ముక్కూ మూసుకుని కూస్తుంది. ఊపిరితిత్తుల్లోని గాలి స్వరపేటిక మీదుగా నోట్లోకి, అక్కణ్ణుంచి గొంతు కింది సంచుల్లోకి పోయి, మళ్లీ ఊపిరితిత్తులకే తిరిగి వస్తుంది. ఉన్న గాలినే అటూ ఇటూ తిప్పుకుంటూ రాత్రంతా గడుపుతుంది. ఊరికే వచ్చే గొంతు కాదది. మగకప్ప జీవితంలో కూతంత ఖర్చైన పని ఇంకొకటి లేదు. కూర్చున్నప్పుడు అవసరమయ్యే ప్రాణవాయువుకు ఎన్నో రెట్లు కూసేటప్పుడు కావాలి. కూసే రాత్రుల్లో చాలా కప్పలు తిండి మాట కూడా తలపెట్టవు. ఒంట్లో సత్తువ ఉన్నంతసేపే కూత. పెద్ద ఒళ్లుంటే పెద్ద గొంతు, గొంతు ఎంత పెద్దదైతే స్వరం అంత బరువు. చాలా జాతుల్లో ఆడకప్ప ఆ బరువును ఎంచుకుంటుంది. చిన్న కప్ప పెద్ద గొంతు పెట్టి మోసం చెయ్యాలన్నా అంత తేలిక కాదు.

ఒక్క పిలుపే కాదు. హద్దు దాటి వచ్చిన మగదాన్ని బెదిరించే కూత వేరు. చీకట్లో మగది పొరపాటున మగదాన్నే పట్టుకుంటే, పట్టుబడ్డది "వదులు, నేను కాదు" అన్నట్టు చేసే చిన్న కూత వేరు. పాము నోట్లో పడ్డప్పుడు వచ్చే కేక వేరు. ఆ చివరిది పల్లెటూళ్లో పుట్టినవాళ్లందరూ విన్నదే.

వినే చెవి సంగతి ఇంకా బాగుంటుంది. కప్పకు బయట చెవి లేదు, కంటి వెనక గుండ్రటి చర్మం, అంతే. కానీ లోపల శబ్దం పట్టే అవయవాలు రెండున్నాయి, ఒకటి తగ్గు స్వరాలకు, ఇంకొకటి హెచ్చు స్వరాలకు. పోర్టోరికో దీవిలో కోకీ అనే కప్ప ఉంది, అది కూసినట్టే దానికి పేరు పెట్టారు. 1976లో నారిన్స్, కప్రానికా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఆ కూతను పరీక్షించి, "కో" అనే ముక్క సాటి మగవాళ్లకు హెచ్చరిక అనీ, "కీ" అనే ముక్క ఆడవాళ్లకు పిలుపు అనీ తేల్చారు. ఒకే మాట సగం కొట్లాట, సగం ప్రేమలేఖ. పైగా ఈ కోకీలు పక్కవాడి కూత అయ్యాక దొరికే ఖాళీలో తన కూత వేస్తాయి, ఒకరి మీద ఒకరు పడరు. ఆ రోజుల్లో మా హాస్టలు ముందు రెండు పార్టీల మైకులు ఒకేసారి మోగేటప్పుడు నేను ఈ సంగతి చెబితే, "మండూకం మళ్లీ మొదలుపెట్టిందిరా" అనేవాళ్లు.

మన పెద్దలు దీన్ని గమనించలేదని అనుకోవద్దు. ఋగ్వేదం ఏడో మండలంలో నూట మూడో సూక్తం అంతా కప్పల మీదే. ఏడాది పొడుగునా మౌనవ్రతం పట్టినవాళ్లు వాన రాగానే గొంతు విప్పినట్టున్నారనీ, ఒకడి మాటను ఇంకొకడు గురువు వెనక శిష్యుడు వల్లించినట్టు వల్లిస్తున్నాడనీ ఆ ఋషి వర్ణించాడు. ఒకదాని కూత ఆవు అంబాలా, ఇంకొకదానిది మేక అరుపులా ఉందంటాడు. కుంట ఒడ్డున కూర్చోకుండా ఆ ముక్క రాయలేడు. పరీక్షల ముందు రాత్రి హాస్టలు వరండాలో నడిచినవాళ్లకు శిష్యుల ఉపమానం ఎంత సరిగ్గా ఉందో వేరే చెప్పక్కర్లేదు.

ఎమ్మెస్సీలో ఉండగా ఒక వ్యాసం చదివాను. చదివి పుస్తకం మూసి బయటికి వచ్చి చెట్టు కింద కూర్చున్నాను. పనామాలో బారో కొలరాడో దీవిలో టుంగారా అనే చిన్న కప్ప మీద మెర్లిన్ టట్టిల్, మైఖేల్ రయాన్ అనేవాళ్లు 1981లో ప్రచురించినది. ఆ కప్ప ఒంటరిగా ఉన్నప్పుడు పైనుంచి కిందికి జారే ఒక ఈల లాంటి కూత కూస్తుంది. పోటీకి ఇంకొకడు ఉంటే ఆ ఈల చివర "చక్ చక్" అని తగిలిస్తుంది. ఆ చక్ తగిలిస్తే ఆడకప్పలు ఎక్కువ ఇష్టపడతాయి. మరి ఎప్పుడూ ఎందుకు తగిలించదు? ఆ దీవిలో కప్పలను తినే గబ్బిలం ఒకటి ఉంది. అది చీకట్లో కూత విని వచ్చి కప్పను ఎత్తుకుపోతుంది. దానికి కూడా చక్ ఉన్న కూతే ఎక్కువ ఇష్టం. నోరు విప్పకపోతే ఆడది రాదు, విప్పితే గబ్బిలం వస్తుంది. ఎంత బాగా పిలిస్తే అంత ప్రమాదం.

చెరువు కట్ట కింద ఎర్ర తువ్వాలు చుట్టిన టార్చి పట్టుకుని కూర్చున్నది ఎవరో నాకు అప్పుడు తెలిసింది. గబ్బిలం కనీసం కూసినదాన్నే తీసుకుపోతుంది. నేను కూసేదాన్ని ఉంచి, వినవచ్చినదాన్ని తీసుకుపోయాను.

నోరు మూసుకుని నక్కి ఉన్న ఆ రెండో మగదాని సంగతి కూడా పుస్తకాల్లో దొరికింది. కొన్ని జాతుల్లో గొంతు చాలని మగవి బాగా కూసేదాని పక్కన చేరి, ఆ కూతకు వచ్చే ఆడవాటిని దారిలో అటకాయిస్తాయట. ఉపగ్రహాలు అని పేరు పెట్టారు వాటికి. జబ్బు కాదన్నమాట. ఆ రాత్రి ఆ గుంత ఒడ్డున అట్లాంటివాళ్లం ఇద్దరం ఉన్నాం.

నా పదమూడూ తొమ్మిదీ ఒక లెక్కలోవి కావని వాదించవచ్చు. ఆ సంవత్సరాల్లోనే మన దేశం నుంచి ఏటా వేల టన్నుల కప్పకాళ్లు యూరపుకూ అమెరికాకూ ఓడలెక్కాయి. వాటిని పట్టింది కూడా రాత్రిపూట దీపాలతో, కూత విని. 1985లో అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందం జాబితాలో బోదురుకప్పను చేర్చారు, 1987లో భారత ప్రభుత్వం కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించింది. కాలేజీల్లో కోతలు ఇంకా చాలా ఏళ్లు సాగాయి. 2011లో యూజీసీ వాటిని తగ్గించుకుంటూ రమ్మంది, 2014లో ఇక వద్దంది. నేను జువాలజీ లెక్చరరుగా ఆ ఏళ్లన్నీ పనిచేశాను. ఎన్ని ట్రేల ముందు నిలబడి "గుడ్లు పక్కకు తొలగించి చూడండి" అని చెప్పానో లెక్క లేదు. నిషేధం వచ్చినప్పుడు మా స్టాఫ్ రూములో కొందరు, ఇక పిల్లలకు జువాలజీ ఏం వస్తుందని బాధపడ్డారు. నేనేమీ మాట్లాడలేదు. లెక్కలో చిన్నవాణ్ణే కావచ్చు. కానీ ఈ ఇరవై రెండింటినీ నేను పేరుపేరునా చూశాను, ఎవరు ఎవరి దగ్గరికి వెళుతుంటే ఆపానో కూడా చూశాను.

కిందటి వానాకాలం హుజూర్‌నగర్ వెళ్లాను. మా తమ్ముడు పొలం చేస్తున్నాడు. చెరువు కట్ట కింది గుంతలు లేవు, ఆ చోట ఇళ్లు లేచాయి. పొలంలో వరికోత మిషను తిరిగిన జాడల్లో నీళ్లు నిలిచే పల్లం ఒకటి ఉంది. పగలు మూడు గంటలకు వాన మొదలై దీపాల వేళకు ఆగింది. తమ్ముణ్ణి బతిమాలి చీకటి పడ్డాక అక్కడికి తీసుకుపోయాను. "ఈ వయసుల గిదేం సరదానే అన్నా" అని సణుగుతూనే వచ్చాడు.

దువ్వెన కప్పలు చాలా ఉన్నాయి. మళ్లలో కూసే చిన్నవీ ఉన్నాయి. అరగంట కూర్చున్న తర్వాత, బాగా దూరాన, ఒక్క బరువు గొంతు. చిన్నప్పటిలా వంద కాదు, ఒక్కటే. సెల్‌ఫోనులో దాన్ని రికార్డు చేసి తిరిగి వినిపించాను. అది ఆగి, పోటీకి ఎవడో వచ్చాడనుకుని, ఇంకా గట్టిగా మొదలుపెట్టింది. నాకు సిగ్గేసింది. దాని రాత్రి ఖర్చు పెంచుతున్నానని ఫోను జేబులో పెట్టేశాను.

గట్టు మీద ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. అప్పుడు తమ్ముడికి చెప్పాను, 1977 సంగతి అంతా, తువ్వాలుతో సహా. వాడు అప్పుడు ఎనిమిదేళ్లవాడు. కొంచెంసేపు ఊరుకుని, "నాయిన ఆ తువ్వాలు కోసం ఇల్లంతా ఎతికిండు. నేను పోగొట్టిన అని నన్ను కొట్టిండు" అన్నాడు.

దానికి నా దగ్గర ఏ జవాబూ లేదు.

దోమలు విపరీతంగా ఉన్నాయి. వాడు మోకాలి మీద చరుచుకుంటూ, "లైటెయ్యనా? ఆడిది వచ్చిందేమో సూస్తవా?" అన్నాడు.

"వద్దు" అన్నాను.

ఇంకో గంట కూర్చున్నాం. ఆ కూత ఒకచోట ఆగిపోయింది. ఎవరైనా వచ్చి ఆగిందో, సత్తువ చాలక ఆగిందో, మా గొంతులు విని ఆగిందో. తమ్ముడు లేచి చెప్పులు చేత పట్టుకున్నాడు. చీకట్లోనే గట్టు వెంట ఇంటికి వచ్చేశాం.